వంటగది నుంచి అద్దం దాకా: ఒక అమ్మ ప్రాజెక్టు డైరీ

ఆదివారం, మొదలు

ప్రాజెక్టుకు పేరేమీ పెట్టలేదు. ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితంలో "సాయంత్రం, పొద్దున" అని మాత్రం రాసుకున్నాను. సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి అందరూ తినేదాకా పట్టే టైమ్ తగ్గాలి. పొద్దున లేచినప్పటి నుంచి నలుగురిలోకి వెళ్ళేలా తయారయ్యేదాకా పట్టే టైమ్ కూడా తగ్గాలి. వంటనూ ముఖాన్నీ ఒకే ప్రాజెక్టులో ఎందుకు కలిపానంటే, రెండూ నా ఒక్కదాని టైమ్‌నే తింటున్నాయి. ఒకచోట మిగిల్చింది ఇంకోచోట పోతే చేసిందంతా దండగ.

రెండు షరతులు పెట్టుకున్నాను. వంట టైమ్ అంటే గిన్నెలు తోమడం కూడా కలిపే లెక్క. "పది నిమిషాల్లో డిన్నర్" అని ఊరించి సింకులో నాలుగు గిన్నెలు, ఒక బ్లెండర్ పడేసే వంటలు ఈ లెక్కలో నిలవవు. రెండోది, పిల్లలకొకటి పెద్దలకొకటి వండడం లేదు. పెద్దదానికి కారం కొంచెం పడుతుంది, చిన్నవాడికి అస్సలు పడదు. అయినా వంట ఒక్కటే.

ముఖానికి షరతు ఇంకా తేలిక: విడిగా కూర్చుని చేసుకోవాల్సిందేదీ వద్దు. ఇరవై నిమిషాలు ముఖానికి ఏదో పట్టించుకుని కదలకుండా పడుకోమంటే ఈ ఇంట్లో జరిగే పనేనా?

బుధవారం, లెక్క తీయడం

ఏ పనికి ఎంత టైమ్ పోతోందో కాగితం మీద పెట్టాను. నేను అనుకున్నట్టు స్టవ్ దగ్గర పోవడం లేదు. సగం టైమ్ "ఇవాళ ఏం చేయాలి" అన్న ఆలోచనకే పోతోంది. మిగతా సగంలో ఎక్కువ భాగం ఉల్లిపాయలది. వాటిని తరగడం, ఆపైన వేయించడం.

ఉల్లిపాయల విషయంలో వంటల పుస్తకాలు చాలా వరకు నిజం చెప్పవు. "అయిదు నిమిషాలు వేయించండి, బంగారు రంగు వస్తుంది" అంటాయి. అయిదు నిమిషాల్లో వచ్చేది మెత్తబడడం మాత్రమే. ఉల్లిపాయలో దాదాపు 89 శాతం నీళ్ళే. ఆ నీళ్ళు పోయేదాకా మూకుడులో వేడి 100 డిగ్రీలు దాటదు, దాటకపోతే రంగు రాదు. మంచి రంగు రావాలంటే అరగంట పైమాటే. ఆకలితో పిల్లలు కాళ్ళకు అడ్డం పడుతుంటే అరగంట ఎక్కడ నిలబడతాం? మంట పెంచుతాం. అంచులు మాడతాయి, లోపల పచ్చివాసన అలాగే ఉంటుంది.

అందుకని ఆ అరగంటను సాయంత్రం నుంచి పీకేసి ఆదివారంలో పెట్టాలని నిర్ణయం.

ఆదివారం, బేస్ తయారీ

బేస్ అంటే కూరల్లోకి ముందే చేసి పెట్టుకునే ఉల్లిపాయ, టమాటా ముద్ద. ఇది కాస్త వివరంగా రాసుకుంటాను, ప్రాజెక్టు మొత్తానికి ఆధారం ఇదే.

కేజీ ఉల్లిపాయలు సన్నగా పొడుగ్గా తరిగాను. ఇంట్లో ఉన్న వాటిలో అన్నిటికంటే వెడల్పైన గిన్నె తీసుకున్నాను. లోతు గిన్నెలో వేస్తే ఆవిరి బయటికి పోక ఉల్లిపాయలు వేగే బదులు ఉడుకుతాయి. నూనె వేడయ్యాక ముక్కలు వేసి, మొదట్లోనే అర చెంచా ఉప్పు వేశాను. ఉప్పు పడగానే ఉల్లిపాయలు నీళ్ళు వదలడం మొదలుపెడతాయి. మొదటి పది నిమిషాలు మూత పెట్టి ఉంచితే ఆ నీళ్ళలోనే మెత్తబడి సగానికి సగం కుంగిపోతాయి. తర్వాత మూత తీసి, మధ్యమధ్యలో కలుపుతూ నీళ్ళు ఇగరనివ్వడమే.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. చిటికెడు వంటసోడా వేస్తే రంగు త్వరగా వస్తుంది, క్షారం తగిలితే ఎర్రబడే చర్య వేగం పుంజుకుంటుంది కాబట్టి. కానీ ముక్కలు ముద్దయిపోతాయి. ఉల్లిపాయ ముక్కలు విడివిడిగా కనిపించాల్సిన వంటకు ఇది పనికిరాదు. నాకు కావాల్సింది ముద్దే కాబట్టి నిశ్చింతగా వేశాను. చిటికెడు అంటే చిటికెడే. ఎక్కువైతే నాలుక మీద సబ్బు రుచి తగులుతుంది.

రంగు తిరిగాక అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చివాసన పోయాక 600 గ్రాముల టమాటాలు. టమాటా నీళ్ళు ఇగిరి, నూనె అంచుల్లో తేలి, గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే ఒక క్షణం కలవకుండా నిలబడాలి. అప్పుడు దించాను. గిన్నెడు సరుకు వేస్తే చివరికి చిన్న డబ్బాడు మిగిలింది. అదే కావాలి. నీళ్ళు ఫ్రీజర్‌లో దాచుకుని ఏం లాభం?

కారం వేయలేదు, ఉప్పు సగమే వేశాను. ఈ బేస్ ఏ వంటలోకి వెళ్తుందో ఇప్పుడే తెలియదు. ఉప్పు తర్వాత వేయొచ్చు, తీయడం కుదరదు. కారం లేకపోవడం వల్ల చిన్నవాడి కంచం తేలిగ్గా తెములుతుంది. వాడి వాటా ముందు తీసేసి, మిగతా గిన్నెలో కారం కలిపితే సరి.

చల్లార్చడం కూడా పనిలో భాగమే. వేడి గిన్నె అలాగే మూత పెట్టి గట్టు మీద రాత్రంతా వదిలేయడం మన ఇళ్ళల్లో మామూలే. కానీ 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. వండినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి. లోతు గిన్నెలో చల్లారడానికి చాలాసేపు పడుతుంది, వెడల్పు పళ్ళెంలో పలచగా పరిస్తే ఇట్టే చల్లారుతుంది. బేస్‌ను పళ్ళెంలో పరిచి చల్లార్చి, జిప్ సంచుల్లో వేసి, అరచేతితో అప్పడంలా పలచగా అదిమాను. సంచి పైనుంచి గరిటె కాడతో గళ్ళు గీసి ఫ్రీజర్‌లో పడుకోబెట్టాను. గడ్డకట్టాక ఆ గీతల దగ్గర పుటుక్కున విరుగుతుంది. ఒక్కో గడి ఒక పూట కూరకు సరిపోతుంది. డబ్బాలో ముద్దగా గడ్డకట్టించి ఉంటే సాయంత్రం దాంతో కుస్తీ పట్టాల్సి వచ్చేది.

ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి. ఆ చలికి బ్యాక్టీరియా చావదు, పెరగడం ఆగుతుంది అంతే. మూడు నెలల దాకా రుచి నిలుస్తుందంటారు. మా ఇంట్లో అన్నాళ్ళు మిగలనిస్తే కదా.

మిగిలిన వెల్లుల్లి ముద్ద గురించి ఒక మాట. నూనెలో కలిపి బయట పెట్టేయడం చాలామందికి అలవాటు. గాలి తగలని ఆ నూనెలో, ప్రాణం మీదకు తెచ్చే బొటులిజం అనే జబ్బును కలిగించే బ్యాక్టీరియాకు అనువుగా ఉంటుంది. అలా కలిపింది ఫ్రిజ్‌లోనే ఉండాలి, నాలుగు రోజుల్లో అయిపోవాలి. ఆ టెన్షన్ నాకెందుకని దాన్ని కూడా ఫ్రీజర్‌లోకే తోశాను.

మంగళవారం, మొదటి పరీక్ష

ఎర్రపప్పు కప్పు, నీళ్ళు మూడు కప్పులు. ఈ పప్పుకు పొట్టు ఉండదు, రెండుగా విడిపోయి ఉంటుంది, అందుకే నానబెట్టకుండానే 15, 20 నిమిషాల్లో ఉడుకుతుంది. పూర్తిగా మెత్తబడ్డాకే బేస్ గడి విరిచి వేశాను. ముందే వేస్తే టమాటా పులుపుకు పప్పు బిర్రబిగుసుకుని ఎంతసేపటికీ మెత్తబడదు. ఉడకని పప్పు గురించి పప్పునే తిడుతుంటాం గానీ చాలాసార్లు తప్పు పులుపుది.

చివర్లో నిమ్మరసం. రుచికే అనుకునేదాన్ని. పప్పుల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి విటమిన్ సి సాయం చేస్తుందని తెలిశాక మానడం లేదు. భోజనంతో పాటు టీ తాగితే ఆ ఇనుము సరిగ్గా పట్టదు కూడా. మా ఆయన తిన్న వెంటనే తాగే టీని గంట వెనక్కి జరిపించడం ఈ ప్రాజెక్టులో నేను సాధించిన పెద్ద దౌత్య విజయం.

గిన్నెలు: ఒకటి. పక్కన అన్నం గిన్నె ఇంకోటి. పెద్దది కంచం ఖాళీ చేసి, "అమ్మా, ఇది రోజూ చేసే పప్పేనా?" అంది. అవునో కాదో చెప్పకుండా కంచం తీసేశాను.

గురువారం, మిగిలిన అన్నం

గుడ్డు అన్నానికి వేడన్నం కంటే ఫ్రిజ్‌లో పెట్టిన అన్నమే మేలు. చల్లారేకొద్దీ బియ్యంలోని పిండి పదార్థం బిగుసుకుని మెతుకులు విడివిడిగా వస్తాయి. వేడన్నంతో చేస్తే ముద్దవుతుంది.

అన్నం విషయంలో మాత్రం నేను కాస్త చాదస్తం. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బియ్యంలో ఉంటుంది, దాని బీజాలు ఉడికినా చావవు. వండిన అన్నం బయట గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు, అసలు చిక్కంతా అక్కడే. కాబట్టి అన్నం మిగులుతుందని తెలిసిన పూట తినడానికి కూర్చోకముందే ఆ వాటా పళ్ళెంలో పరిచేస్తాను. గంటలో ఫ్రిజ్‌లోకి, మర్నాటికల్లా నోట్లోకి. పొగలు వచ్చేలా వేడి చేయడం కూడా ఒక్కసారే. రెండోసారి మిగిలితే పారేయడమే.

బేస్ గడి, రెండు గుడ్లు, క్యారెట్ తురుము, అన్నం. ఒక్కటే మూకుడు. క్యారెట్ ముక్కలైతే చిన్నవాడు ఏరి పక్కన పెడతాడు, తురుమైతే ఏరలేడు.

శనివారం, గుడ్లు

వారానికి సరిపడా గుడ్లు ఒకేసారి ఉడకబెట్టి పెట్టుకుంటే సాయంత్రం నాలుగింటి ఆకలికి నా అవసరమే ఉండదు. పెంకుతో ఉంచితే ఫ్రిజ్‌లో వారం రోజులు బాగుంటాయి.

పెంకు ఊడిరావడానికి రెండు సంగతులు. గుడ్లు మరీ తాజాగా ఉండకూడదు. రోజులు గడిచేకొద్దీ లోపలి కార్బన్ డై ఆక్సైడ్ పెంకు రంధ్రాల్లోంచి పోతుంది, తెల్లసొన క్షారం వైపు మళ్ళుతుంది, లోపలి పొరకు అంటుకోవడం తగ్గుతుంది. రెండోది, చల్లటి నీళ్ళలో వేసి కాచే బదులు మరుగుతున్న నీళ్ళలోకి గరిటెతో మెల్లగా దించాలి. 11 నిమిషాలయ్యాక ఐసు నీళ్ళలోకి. ఐసు నీళ్ళు పడితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత కూడా రాదు. ఆ గీత వల్ల హాని లేదుగానీ చిన్నవాడు దాన్ని చూసి గుడ్డు చెడిపోయిందని తీర్పు ఇచ్చేస్తాడు.

పెంకు తీయడం పిల్లల డ్యూటీ. పెద్దది చకచకా తీస్తుంది, చిన్నవాడు తీసిన గుడ్డు చంద్రుడి ఉపరితలంలా ఉంటుంది. ఎవరు తీసినది వాళ్ళే తినాలన్నది రూలు.

ఇంకో సోమవారం, ఓవెన్

ఒకే పళ్ళెంలో చికెన్ ముక్కలు, బంగాళదుంపలు, క్యారెట్లు, నూనె, ఉప్పు, మిరియాలు. 200 డిగ్రీలు. దుంపలు చికెన్ ముక్కల కంటే చిన్నగా కోస్తేనే రెండూ ఒకేసారి ఉడుకుతాయి. చికెన్ లోపల 74 డిగ్రీలు చేరితే ఉడికినట్టు. ఇరవై డిగ్రీలు తేడా చూపించే కంటిచూపు కంటే, ముక్కలోకి గుచ్చే చిన్న థర్మామీటర్ నయం. ఓవెన్ లేకపోతే మందపాటి గిన్నెలో మూత పెట్టి సన్న మంట మీద చేసినా అవుతుంది, ఎర్రటి రంగు రాదంతే.

పచ్చి చికెన్ కడగడం మానేశాను. కడిగితే బ్యాక్టీరియా పోదు, సింకు చుట్టూ చిందుతుంది. ఎలాగూ వేడికి చచ్చేదాన్ని గట్టంతా చల్లుకోవడం ఎందుకు? నీచువాసన పోలేదని అత్తయ్యకు ఇప్పటికీ అనుమానమే. ఆవిడ వంట చేసే రోజు ఆవిడిష్టం, సింకు మాత్రం నేను వేడినీళ్ళతో, సబ్బుతో కడిగేస్తాను.

ఈ వంట అసలు లాభం వేరే. ఓవెన్‌కు నాతో పని లేని ముప్పావు గంట దొరికింది. ఆ టైమ్‌లో తలస్నానం చేశాను. వంటగది, అద్దం ఒకే కాగితం మీదకు నిజంగా వచ్చింది ఆ రోజే.

అద్దం వైపు పని

ఇంతవరకు పొద్దున పని మీద పెద్దగా రాయలేదు. రాయడానికి పెద్దగా లేదు కూడా, ఎందుకంటే ఇక్కడ చేసిందంతా తీసేయడమే.

డ్రెస్సింగ్ టేబుల్ మీదున్న సీసాలన్నీ మంచం మీద పోశాను. ఏది రోజూ వాడుతున్నాను, ఏది వాడాలని అనుకుంటూ బతికేస్తున్నాను అని చూసుకుంటే మొదటి కుప్పలో మూడే మిగిలాయి: మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, లిప్‌స్టిక్. ఆ మూడింటినీ డ్రెస్సింగ్ టేబుల్ మీంచి తీసి బ్రష్షుల స్టాండు పక్కన పెట్టాను. పళ్ళు తోమకుండా ఎలాగూ బయటికి వెళ్ళను కదా. గదిలోకి వెళ్ళి, లైటు వేసి, పిల్లాడు వెనకాలే వచ్చి, ఏదో అడిగి... ఆ తతంగం మొత్తం తప్పింది.

మాయిశ్చరైజర్ ముఖం పూర్తిగా తుడుచుకోకముందే, తడి మీదే. ఆ తడిని పట్టి ఉంచడమే దాని పని. పొడి ముఖం మీద రాస్తే ఎక్కువ రాయాల్సి వస్తుంది, ఫలితం తక్కువ.

సన్‌స్క్రీన్‌లో మాత్రం కక్కుర్తి పడకూడదు. సీసా మీద ఉండే ఎస్‌పీఎఫ్ ఎండ నుంచి రక్షణకు కొలత. ఎస్‌పీఎఫ్ 30 అంటే చర్మాన్ని కమిలించే యూవీ-బి కిరణాల్లో దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98 శాతం. ఆ ఒక్క శాతం కోసం సీసా మార్చడం కంటే, రాసే మోతాదు సరిచూసుకోవడం ముఖ్యం. ఆ అంకెలు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి పరీక్షించినవి. అంటే ముఖానికీ మెడకూ కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడుగునా రెండు గీతలు. మనం రాసేది సాధారణంగా అందులో సగం కూడా ఉండదు. ఫౌండేషన్‌లో ఎస్‌పీఎఫ్ ఉందిగా అనుకుంటే అదీ ఇంతే, అంత మందంగా ఫౌండేషన్ ఎవరూ రాసుకోరు. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి.

టైమ్ కలిసొచ్చేలా మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ అరచేతిలో కలిపి ఒకేసారి రాసేసే పద్ధతి ఒకటి వాడుకలో ఉంది. అది నా జాబితాలోకి రానివ్వలేదు. కలిపితే సన్‌స్క్రీన్ పలచనై, చర్మం మీద పొర సమంగా ఏర్పడదు. దానికి బదులు రంగున్న సన్‌స్క్రీన్ పట్టుకున్నాను. ఆ రంగునిచ్చే ఐరన్ ఆక్సైడ్లు కంటికి కనిపించే వెలుతురును కూడా కొంత ఆపుతాయి. కాన్పుల తర్వాత నా బుగ్గల మీద మిగిలిన మంగుమచ్చలను ఆ వెలుతురు కూడా ముదరబెడుతుంది, మామూలు సన్‌స్క్రీన్ దాన్ని పెద్దగా ఆపదు. పైగా ఫౌండేషన్ అవసరం పోయింది. ఒక సీసాతో రెండు పనులు, అదీ సరైన మోతాదులో.

లిప్‌స్టిక్ కాస్త వేలికి అద్ది బుగ్గలకు రాస్తే బ్లష్ అయిపోతుంది. కళ్ళ దాకా మాత్రం పోను. పెదవులకు అనుమతి ఉన్న కొన్ని ఎరుపు రంగులకు కంటి చుట్టూ వాడే అనుమతి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇవ్వలేదు. మస్కారా పెళ్ళిళ్ళకే కాబట్టి సీసా ఎప్పటిదో ఎవరికీ గుర్తుండదు. తెరిచి మూడు నెలలు దాటితే పారేయాలి, ఒకరిది ఒకరు వాడకూడదు. పెద్దది అద్దం ముందు చేరే వయసుకొస్తోంది కాబట్టి ఈ రెండో మాట గట్టిగా చెప్పాను.

శుక్రవారం, వంటింటి వస్తువులు ముఖానికి?

ఈ రెండు పనులూ ఒకే కాగితం మీద ఉన్నాయని తెలిసి, మా చెల్లి ఫోన్‌లో నాకో పెద్ద జాబితా చదివింది. నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్టు, ఓట్స్. అన్నీ ఇంట్లో ఉన్నవేగా అక్కా అని.

నిమ్మరసం కొట్టేశాను. పులుపు, క్షారం కొలిచే పీహెచ్ అంకె ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ. చర్మం పైపొర పీహెచ్ 5 అటూఇటుగా ఉంటుంది, నిమ్మరసానిది 2 దగ్గర. మండడమే కాదు, నిమ్మజాతి కాయల రసంలో ఫ్యూరనోకౌమరిన్లనే పదార్థాలుంటాయి. అవి అంటిన చర్మానికి ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలెక్కి, నల్లటి మచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. మచ్చలు పోవడానికి రాసుకున్నది మచ్చలు తేవడం, ఇంతకంటే వెర్రి బేరం ఇంకోటి ఉంటుందా? వంటసోడా దానికి తలకిందులు, పీహెచ్ 8 పైన. ఉల్లిపాయను ముద్ద చేసిన చెయ్యి దానిది, ముఖానికెందుకు? మొటిమ మీద టూత్‌పేస్టు చర్మాన్ని రేపుతుంది అంతే.

ఓట్స్ మాత్రం ఉంచాను. మెత్తగా పొడి చేసిన ఓట్స్‌ను చర్మాన్ని కాపాడే పదార్థంగా ఎఫ్‌డీఏ 2003లో గుర్తించింది. చిన్నవాడి ఒళ్ళు దురద పెట్టినప్పుడు ఓట్స్‌ను మిక్సీలో పిండిలా పొడి చేసి గోరువెచ్చటి స్నానం నీళ్ళలో కలుపుతాను. పొడి సరిగ్గా అయిందో లేదో చూడాలంటే గ్లాసు నీళ్ళలో చెంచాడు వేసి కలిపితే పాలలా తెల్లబడాలి, అడుగున పేరుకోకూడదు. నీళ్ళు కలిపింది ఏదైనా ఆ పూటకే, మిగిలితే పారబోయడమే. ఇంట్లో చేసుకునే ముఖం ముద్దల్లో నిల్వ ఉంచే మందులేమీ ఉండవు కాబట్టి మిగిలిపోయిన కూరకున్న రూలే వాటికీ.

చేతులు, మిరపకాయలు

తోమడం ఎంత తగ్గించినా అసలు లేకుండా పోదు. చేతులు ఎండిపోయి గోళ్ళ దగ్గర చర్మం లేస్తుంది. దీనికి ఖరీదైన క్రీములేవీ వద్దు, పెట్రోలియం జెల్లీ చాలు. రాబర్ట్ చీజ్‌బ్రో అనే ఆయన వాజలిన్‌కు 1872లో పేటెంటు తీసుకున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా చర్మంలోంచి తేమ ఆవిరైపోకుండా ఆపడంలో దాన్ని మించింది దొరకడం కష్టం. తేమను అది తెచ్చిపెట్టదు, ఉన్నదాన్ని పోనివ్వదు, అందుకే తడి చేతుల మీదే రాయాలి. రాత్రి ఆఖరి గిన్నె తోమాక రాసి, పాదాలకు కూడా పట్టించి సాక్సులు వేసుకుంటాను. సింకు పక్కనే డబ్బా పెట్టాను, గుర్తుపెట్టుకోవాల్సిన పని లేకుండా.

మిరపకాయలు తరిగాక ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా రాత్రి కాంటాక్ట్ లెన్సు తీసేటప్పుడు కన్ను భగ్గుమంటుంది. మంటపుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగ్గా కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు చేతులకు వంటనూనె బాగా రుద్ది, తర్వాత గిన్నెల సబ్బుతో ఆ నూనెను కడిగేయాలి. గోళ్ళ కింద కూడా. ఇప్పుడు కత్తిరతో నేరుగా గిన్నెలోకే కత్తిరిస్తున్నాను, చేతికి తగిలేది తొడిమే.

జుట్టు

తలస్నానం రాత్రిపూటకు మార్చాను, ఓవెన్ పుణ్యమా అని. తడి జుట్టు బలహీనంగా ఉంటుంది, సాగి తెగుతుంది. కాబట్టి టవలుతో రుద్దకుండా పాత కాటన్ టీషర్టు చుట్టి ఉంచి, కొంచెం ఆరాక పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీస్తున్నాను. దాదాపు ఆరాక వదులుగా జడ వేసి పడుకుంటే పొద్దున వంకీలు తిరిగి ఉంటుంది. అదే స్టైలింగ్.

మధ్య రోజుల్లో మొక్కజొన్న పిండి. కుదుళ్ళ దగ్గర కొంచెం చల్లితే జిడ్డు పీల్చుకుంటుంది. పొద్దున హడావుడిలో చల్లితే తెల్లగా కనిపిస్తుంది, రాత్రే చల్లి పడుకుంటే నిద్రలో కలిసిపోతుంది. పిండి గాల్లోకి లేస్తుంది కాబట్టి చిన్నవాడు లేనప్పుడే.

పెద్దదానికి నేను గట్టిగా బిగించి వేసే పోనీటెయిల్ మానేశాం. రోజూ అలా లాగి కడితే నుదుటి దగ్గర జుట్టు వెనక్కి పోతుంది, ఏళ్ళ తరబడి కొనసాగితే మళ్ళీ మొలవకపోవచ్చు కూడా. దానికి వదులు జడ నచ్చలేదు. రబ్బరు బ్యాండు బదులు గుడ్డ చుట్టిన బ్యాండు, అదీ దానికి నచ్చిన రంగులో కొన్నాక గొడవ సద్దుమణిగింది.

కొట్టేసినవి

వారానికి ఏడు రకాల మెనూ చార్టు. అందంగా ఉంది, ఎవరూ పాటించలేదు. ఇప్పుడు రాసేది బేస్ గడి పక్కన ఏం పడుతుందన్న ఒక్క ముక్కే: పప్పు, గుడ్డు, చికెన్, బఠాణీ.

వారానికి సరిపడా కూరగాయలు ఒకేసారి తరిగి పెట్టడం. క్యారెట్లు, బీన్స్ ఆగాయి. దోసకాయ వడలిపోయింది. బంగాళదుంప కూరను ఫ్రీజర్‌లో పెట్టి చూస్తే ముక్కలు ఇసుకలా తయారయ్యాయి, గడ్డకట్టిన నీరు దుంప కణాలను పగలగొడుతుంది. దుంపలు ఏ పూటకాపూటే.

స్లో కుక్కర్‌లో రాజ్మా. ఎర్ర రాజ్మాలో లెక్టిన్ అనే ఒక రకం ప్రొటీన్ ఉంటుంది, సరిగ్గా ఉడకకపోతే వాంతులు చేయిస్తుంది. స్లో కుక్కర్ వేడి దాన్ని పాడుచేసేంత పైకి పోకపోవచ్చు. కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో అరగంట కళపెళా మరిగించాకే దేనిలోనైనా వేయాలి. ఇంత తతంగం ఉన్నప్పుడు ప్రెషర్ కుక్కరే నయం. పొద్దున నానబెట్టి వెళ్తే సాయంత్రానికి సిద్ధం.

షీట్ మాస్కులు. పడుకునే తీరిక లేదు, నిలబడితే జారిపోతున్నాయి.

ఇంకా మిగిలింది

పిల్లల లంచ్ బాక్సులు ఇంకా దారికి రాలేదు. వేడిగా ఉంచే ఫ్లాస్కులు కొన్నాం. ముందు మరిగిన నీళ్ళు పోసి అయిదు నిమిషాలు ఉంచి, ఆ నీళ్ళు పారబోసి, పొగలు కక్కే అన్నం నింపాలి. మధ్యాహ్నానికి కూడా 60 డిగ్రీల పైన నిలుస్తుందో లేదో థర్మామీటర్‌తో ఇంట్లోనే చూడాలి. చికెన్‌లో గుచ్చే థర్మామీటరే దీనికీ.

ఈ ఆదివారం బేస్ మా ఆయన చేస్తున్నారు. ఉల్లిపాయలు అప్పుడే తరిగేశారు, అయిదు నిమిషాల్లో రంగు రాలేదేమిటని అడుగుతున్నారు.